లైసెన్సు లేని మూడు సాయంత్రాలు

జహీరాబాద్‌లో రేవణసిద్ధప్పను మెచ్చుకోని మనిషి ఉండేవాడు కాదు. బస్టాండు వెనక సందులో ఆయన రేడియో మరమ్మతు కొట్టు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, మెడలోని లింగానికి పూజ ముగిస్తే గాని కొట్టు తలుపులు తీసేవాడు కాదు. లేనివాళ్ల సెట్టు వస్తే పాత వాల్వు ఏదో వెతికి వేసి ఊరికే పంపేవాడు. అన్నిటికీ మించి, కాలు పోయిన సాయన్నను పిలిచి కొట్టులో కూర్చోబెట్టుకుని, రాగితీగ కాయిళ్లు చుట్టడం నేర్పి, బతుకుతెరువు చూపించాడు. అదీ జనం చెప్పుకునే మాట.

ఆ మాట చెవిన పడినప్పుడల్లా సిద్ధప్ప తల వంచుకునేవాడు. చూసేవాళ్లు వినయమనుకునేవారు. అది వినయం కాదని ఆయనకూ తెలుసు, దేవుడికీ తెలుసు. మూడో మనిషికి తెలియదు.

సంగతి డెబ్భై అయిదో సంవత్సరం శ్రావణంలో జరిగింది.

సిద్ధప్ప తల్లి అనంతమ్మ అప్పటికి మంచం పట్టి ఆరు నెలలు. పక్షవాతంతో నడుము కింది భాగం చచ్చుబడింది. నలభై ఏళ్లుగా శ్రావణమాసం పొడుగునా బసవన్న గుడిలో పురాణం వినడం ఆమెకు అలవాటు. ఆ ఏడు కదలలేదు. గుడికి మైకు ఉంది గాని, గుడికీ ఇంటికీ నడుమ బొంబాయి రోడ్డు. లారీల మోతలో మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది.

"గొంతు వినిపిస్తుంది గాని కథ వినిపిస్తలేదురా అయ్యా," అన్నది ఆ తల్లి. నింద లేదు ఆ మాటలో. అందుకే కొడుకు మనసు విలవిలలాడింది.

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటేనే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ "లైసెన్సు తాజా చేసుకున్నవా?" అని గుర్తుచేసే మనిషి సిద్ధప్ప. వినడానికే అనుమతి కావలసినప్పుడు, గాలిలోకి మాట పంపడానికి అంతకంటే పెద్ద అనుమతి కావాలని ఆయనకు తెలియక కాదు. కానీ వినేది తల్లి, చెప్పేది దేవుడి కథ, పోయేది నాలుగు వీధుల దూరం. ఇందులో తప్పేముందిలే అనుకున్నాడు. రెండు వాల్వులతో చిన్న పెట్టె ఒకటి తయారుచేసి, గుడి మైకుకు కలిపి, కప్పు మీద తీగ లాగాడు.

అంతవరకే అయి ఉంటే ఆ పెట్టె వల్ల ఎవరికీ చెడు జరిగేది కాదేమో. అనంతమ్మ తలాపున ఉన్న పాత రేడియోలో ముల్లు తిప్పే దారం ఎప్పుడో తెగిపోయింది. ముల్లు హైదరాబాదు స్టేషను దగ్గరే ఆగిపోయి ఉంది. కొత్త దారం వెయ్యడం అరగంట పని. ఊరందరి సెట్లకూ ఆ ఏడు దారాలు మార్చిన సిద్ధప్ప, తల్లి సెట్టు సంగతి రేపు రేపు అంటూ జరిపాడు. ఇప్పుడు కూడా దారం మార్చలేదు. ముల్లు ఎక్కడ నిలిచి ఉందో, తన పెట్టె గొంతును అక్కడికే తెచ్చి కలిపాడు. హైదరాబాదు నుంచి వచ్చే మాటను తన మాట కప్పేస్తుందని తెలుసు. ఒక గంటసేపేగా అనుకున్నాడు.

మొదటి సాయంత్రం అనంతమ్మ రెండు చేతులూ జోడించి, కన్నీళ్లు చెవుల్లోకి జారుతుంటే తుడుచుకోకుండా విన్నది. చూసి సిద్ధప్ప తన చేతులు ధన్యమయ్యాయనుకున్నాడు.

ఆ వాడలో మరో రేడియో మహబూబీ ఇంట్లో ఉండేది. అది ఆమె ఒక్కదానిదే కాదు, వాడంతటిదీ. సాయంత్రం వార్తల వేళకు సెట్టును కిటికీలో పెట్టి, అరుగు మీద గోనెసంచి పరిచేది. వచ్చి కూర్చున్నవాళ్లకు అడగకుండానే మంచినీళ్ల చెంబు అందేది. చెరకు నరికే పనికి పోయే సాయన్న రోజూ ఆ అరుగు మీదే వార్తలు వినేవాడు. వాన సంగతి, నది సంగతి తెలుసుకోవడానికి.

రెండు రోజులు పని మీద పొరుగూరు పోయిన సాయన్న మూడో సాయంత్రం వచ్చి కూర్చున్నాడు.

"వార్తలు రావాలె గదా బీబీ?"

"ఎక్కడి వార్తలు సాయన్నా. మూడు దినాల సంది మీ దేవుని కథనే వస్తుంది. మంచిగనే చెప్తుండు, జర విను."

సాయన్న విన్నాడు. పురాణం చెప్పే గుడి శాస్త్రి చమత్కారానికి నవ్వాడు. కథ ముగిశాక దండం పెట్టుకుని ఇంటికి పోయి, భార్య హనుమమ్మతో, "రేపు పోయి చెల్లెను తోలుకొస్త. ఎల్లుండే పంచమి," అన్నాడు. నాగుల పంచమికి ఆడపిల్లను పుట్టింటికి తేవడం ఆనవాయితీ. ఆ చెల్లెలి ఊరు రాయికోడ్ దాటి, మంజీర అవతల.

ఆ సాయంత్రం హైదరాబాదు స్టేషను వార్తల్లో ఎగువన పెద్ద వానలు పడ్డాయని, తెల్లవారేసరికి మంజీర పొంగుతుందని, పుట్టి ఎక్కి నది దాటవద్దని చెప్పారు. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ. జహీరాబాద్‌లో ఆ నాలుగు వీధుల్లో ఎవరికీ ఆ మాట చేరలేదు.

మర్నాడు నడి ఏట్లో ఉండగా నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. పుట్టి గిరగిరా తిరిగి బండలకు కొట్టుకుంది. ఒడ్డున గొర్రెలు మేపుకునేవాళ్లు తలపాగాలు విప్పి, ముడివేసి, నీళ్లలోకి విసిరి అందరినీ లాగారు. ఆ పుణ్యాత్ముల పేర్లు కూడా ఎవరూ అడగలేదు. ప్రాణాలన్నీ దక్కాయి. సాయన్న ఎడమకాలు మాత్రం పుట్టి అంచుకూ బండకూ మధ్య నలిగింది. దవాఖానలో మోకాలి కింద తీసేశారు.

అందులో తన చెయ్యి ఉందని సిద్ధప్పకు అయిదో రోజున తెలిసింది. ఝరాసంగం బడిలో పనిచేసే అమర్నాథ్ సార్ తన సెట్టు తీసుకుపోవడానికి వచ్చి మాటల్లో అన్నాడు.

"మా ఊరి పంచాయతి రేడియోల విన్న, వార్తలల్ల గంత గట్టిగ చెప్పిన్రు. మీ సాయన్న ఎందుకు పోయిండు?"

"ఏ వార్తలల్ల సార్?"

"ముందటి దినం పొద్దుమీకి. పుట్టి ఎక్కొద్దన్నరు గదా. మీ జహీరాబాదుల వినలేదా?"

సిద్ధప్ప చేతిలోని స్క్రూడ్రైవరు సెట్టు మీదే ఆగిపోయింది. వాన వల్ల నాలుగో సాయంత్రం నుంచి పురాణం జరగక పెట్టె మూగగానే ఉంది; సార్ వెళ్లిన సాయంత్రమే సిద్ధప్ప గుడి కప్పు మీది తీగ విప్పాడు. పెట్టెను గోనెలో చుట్టి అటక మీదికి తోశాడు. తల్లితో వాల్వు కాలిపోయిందని చెప్పాడు.

"ఇంకోటి లేదా అయ్యా?"

"లేదమ్మా."

కొట్టులో డబ్బా నిండా వాల్వులున్నాయి. అనంతమ్మ మళ్లీ అడగలేదు. ఆ ఉగాదికి ముందే కన్నుమూసింది. పోయేదాకా చూడవచ్చినవాళ్లందరికీ, దేవుడు మూడు సాయంత్రాలు తన మంచం దగ్గరికే వచ్చాడని చెప్పుకుంది. ఆ మాట విని కొడుకు గది బయటికి పోయేవాడు.

నిజం సాయన్నకు చెప్పేద్దామని ఆ రోజుల్లోనే సిద్ధప్ప దవాఖానకు పోయాడు. హనుమమ్మ తాను కూర్చున్న చాప దులిపి ఆయనకు వేసి, తాను నేల మీద కూర్చుంది. బత్తాయిలు పెట్టి తిరిగి వచ్చాడు. రెండోసారి పోయినప్పుడూ అంతే. మూడోసారి నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మా కొట్ల పని ఉంది. కూసొని చేసేదే. వస్తవా సాయన్నా?"

హనుమమ్మ ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. సిద్ధప్ప వెనక్కి జరిగాడు. అది కూడా పెద్దతనమే అనుకున్నారు.

అప్పటినుంచి రోజూ సాయన్న చేతిలో రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టుకుని వచ్చేవి. "మా ఇంటిది నీకని ఇచ్చింది," అనేవాడు. మొదట్లో సిద్ధప్ప వాటిని దొంగచాటుగా ఆవుకు పెట్టేవాడు. ఆమె చేతి అన్నాన్ని పారేసినట్టయిందని మళ్లీ అదో బాధ. తరువాత తినడం మొదలుపెట్టాడు.

డెబ్భై ఏడులో దివిసీమ ఉప్పెన వచ్చింది. తంతి స్తంభాలన్నీ కూలిపోతే, లైసెన్సు పొందిన వైర్‌లెస్ వాళ్లు కొందరు సొంత సెట్లు మోసుకుపోయి, ఎవరు బతికారో, ఎక్కడ ఏం కావాలో గాలిలో కబుర్లు అందించారని విన్నాడు. రాయికోడ్ రేవు దగ్గర అట్లాంటి మనిషి ఒకడుంటే అన్న ఆలోచన ఆయన్ని పట్టుకుంది. తన గొంతు ఒక హెచ్చరికను మింగింది. అదే గొంతు ఇకమీదట హెచ్చరిక మోయాలి. అందుకు అనుమతి కావాలి, పరీక్ష రాయాలి.

ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివిన మనిషికి ఇంగ్లీషు పుస్తకం కొండంత అయింది. అమర్నాథ్ సార్ ఆదివారం ఆదివారం ఝరాసంగం నుంచి బస్సెక్కి వచ్చి, ఒక్కో పేజీ చదివి తెలుగులో చెప్పేవాడు. చుక్కగీతల భాష, అదే మోర్సు కోడు, మాత్రం సిద్ధప్ప తనంతట తానే మీట నొక్కి సాధన చేసేవాడు. సాయన్న కాయిలు చుడుతూ వినేవాడు.

"ఏంది సిద్దప్పా, కప్పలు ఒర్రినట్టు. వాన వస్తదా?"

"సముద్రంల ఓడ మునుగుతుంటే గిట్ల పిలుస్తరు. మూడు పొట్టివి, మూడు పొడుగువి, మూడు పొట్టివి. నోటితోని మాట్లాడే సెట్టయితే దానికి వేరే మాట ఉంది, మూడుసార్లు చెప్పాలె. అది విన్నోడు ఎవడైనా తన ముచ్చట బంద్ చేసి చెవి పెట్టాలె. అదీ కానూన్."

"ఓడ ఏడ, జహీరాబాద్ ఏడ. ఇక్కడ మునగనీకి మోరి తప్ప ఏమున్నది?"

మర్నాటి నుంచి సాయన్న చాయ్ కావాలంటే కర్రతో నేల మీద మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి కొట్టేవాడు. ఒకసారి సిద్ధప్ప గట్టిగానే అన్నాడు.

"గది మాత్రం నవ్వులాటకు వాడకు సాయన్నా."

"కోపమెందుకే? నేనేమన్న నీ ఓడ ముంచిన్నా?"

సిద్ధప్ప లేచి పోయి, తానే చాయ్ పట్టుకొచ్చాడు.

ఎనభై రెండులో హైదరాబాదులో పరీక్ష రాశాడు. నిబంధనల కాగితంలో ఒక ప్రశ్న: ప్రసారం మొదలుపెట్టే ముందు చేయవలసినదేమిటి? ఆ చోట వేరెవరైనా మాట్లాడుతున్నారేమో విని, ఎవరికీ అడ్డు రాకుండా చూసుకోవాలి అని రాయాలి. అమర్నాథ్ సార్ నేర్పిన రెండు ఇంగ్లీషు వాక్యాలు అవే. రాస్తుంటే చెయ్యి చెమటపట్టి సిరా అలుక్కుపోయింది. ముసలి అటెండరు చూసి, పరీక్ష భయమనుకుని గ్లాసుడు నీళ్లు తెచ్చిపెట్టాడు.

పాసయ్యాడు. కానీ లైసెన్సు చేతికి రావాలంటే పోలీసు విచారణ ఉంటుంది. మనిషి ఎట్లాంటివాడో ఇరుగుపొరుగు ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. ఎనభై మూడు ఎండాకాలంలో హెడ్ కానిస్టేబుల్ జబ్బార్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. గోడ మీద దేవుడి పటం చూసి, చెప్పకుండానే బూట్లు గడప అవతల విడిచి లోపలికి వచ్చిన మనిషి.

"గవాహీ ఎవరు చెప్తరు సిద్దప్ప సాబ్?"

ఆయన నోరు తెరిచేలోపే సాయన్న కర్ర ఊతంతో లేచాడు. "నేను చెప్త సార్. నాకంటె ఎవనికి ఎరుక? ఈ మనిషి చీమకు గూడ అపకారం చెయ్యలేదని రాయున్రి. సంతకం రాదు, వేలు పెడత." అంటూనే జబ్బార్ తెచ్చిన సిరా బిళ్ల మీద బొటనవేలు అద్దేశాడు.

"ఆగు పహిల్వాన్, ముందు నన్ను రాయనియ్యి," అని నవ్వి జబ్బార్ కాగితం చదివాడు. "గతంల జైలు? లేదు. కేసులు? లేవు. ఇంతకుముందు పర్మిషన్ లేకుండ వైర్‌లెస్ వాడిండా? లేదు." అడిగిందీ ఆయనే, జవాబు చెప్పిందీ ఆయనే. కలం కాగితం మీద పెట్టాడు.

సిద్ధప్ప సాయన్న వేలు చూశాడు. నల్లగా, తడిగా, కాగితం కోసం ఎదురుచూస్తోంది. ఆ ముద్ర పడితే, ఆ మనిషి చేతనే ఆ మనిషి కాలి మీద అబద్ధం రాయించినట్టవుతుంది.

"లేదని రాయకున్రి జబ్బార్ సాబ్," అన్నాడు. "వాడిన."

జబ్బార్ తలెత్తాడు. సిద్ధప్ప చెప్పడం మొదలుపెట్టాడు. తల్లి మంచం, తెగిన దారం, పెట్టె, మూడు సాయంత్రాలు, మహబూబీ అరుగు, మంజీర. ఎక్కడా తడబడలేదు. ఎనిమిదేళ్లుగా లోపల రోజూ చెప్పుకున్న మాటలే అవి.

సాయన్న నెమ్మదిగా అడిగాడు.

"ఆ దినం వార్తలల్ల మంజీర ముచ్చట చెప్పిన్రా?"

"చెప్పిన్రు."

"నీకు ఎప్పటి సంది ఎరుక?"

"అయిదో దినం సంది."

"బత్తాయిలు తెచ్చినప్పుడు ఎరుకనే?"

"ఎరుకనే."

సాయన్న కాయిలుకు చుట్టే కాగితం ముక్క ఒకటి తీసుకుని వేలు శుభ్రంగా తుడుచుకున్నాడు. కర్ర చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. సందు మలుపు దాకా కర్ర చప్పుడు వినిపించింది.

జబ్బార్ కలానికి మూత పెట్టాడు. "ఇది రాస్తె లైసెన్సు రాదు. కేసు గూడ కావచ్చు. నేను చాయ్ తాగి వస్త. అప్పటిదాంక సోంచాయించున్రి, మంచిగ ఆలోచించుకోన్రి. నాకైతే ఇంకా ఏం వినబడలే."

ఆ పోలీసాయన దయను సిద్ధప్ప జీవితాంతం మరువలేదు. కానీ వాడుకోలేదు. జబ్బార్ తిరిగి వచ్చేసరికి అటక మీది గోనెమూట బల్ల మీద ఉంది.

"దీన్ని గూడ రాసుకోన్రి," అన్నాడు.

మర్నాడు హనుమమ్మ వచ్చింది. చేతిలో రొట్టెల గుడ్డ లేదు. గడప దగ్గరే నిలబడింది.

"కాలు పోయిందని గాదు సిద్దప్పా. నది గుంజుకున్నదనుకున్నం, ఊకున్నం. ఎనిమిదేండ్లు నీ పేరు చెప్పి దేవునికి దీపం పెట్టిన. ఒక్కనాడన్న నీ నోట్లకెల్లి మాట రాలేదా?"

"భయమైందమ్మా."

"దేనికి? మేము కొడతమనా?"

"మీరంత నన్ను మంచోడంటున్నరు. అది పోతదని."

ఆమె కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే సిద్ధప్పకు కాస్త తేలికయ్యేది.

ఊళ్లో మాట మరోలా తిరిగింది. పురాణం వినిపిస్తే తప్పా, తల్లి కోసం చేసిందే గదా అని గుడి శాస్త్రి మొదలు అందరూ సమాధానపరచబోయారు. మహబూబీ మాత్రం, "కథ వినమని నేనే చెప్తి గదా భయ్యా," అని కళ్లు తుడుచుకుంది. "నీకు ఎరుక లేదు, నాకు ఎరుక ఉండె," అని ఆమెకు చెప్పడానికి సిద్ధప్ప రెండుసార్లు వాళ్ల గడప ఎక్కాడు.

కొన్నాళ్లకు వైర్‌లెస్ లైసెన్సుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పెట్టెను జప్తు చేశారు, గట్టిగా మందలించారు, ఏడాది దాకా మళ్లీ దరఖాస్తు పెట్టవద్దన్నారు. ఆ శిక్ష తక్కువే అనిపించింది ఆయనకు.

దసరా వెళ్లాక ఒక పొద్దున సాయన్న వచ్చి తన చోట కూర్చున్నాడు. రాగితీగ కండె అందుకున్నాడు.

"పనికొచ్చిన. ఇంకో కొట్ల ఈ పని లేదు. నీ దయకు రాలే."

"సరే సాయన్నా."

ఆ ఏడంతా వాళ్లిద్దరి మధ్య పని మాటలే. చాయ్ కావాలంటే సాయన్న తానే లేచి పోయేవాడు.

ఎనభై అయిదులో సిద్ధప్ప మళ్లీ దరఖాస్తు పెట్టాడు. మళ్లీ జబ్బారే వచ్చాడు, మళ్లీ బూట్లు బయటే విడిచాడు. ఒక సాక్ష్యం మహబూబీ చెప్పింది. రెండోది ఎవరిదని అడిగితే సిద్ధప్ప ఎవరి పేరూ చెప్పలేదు. మూల నుంచి సాయన్న గొంతు వచ్చింది.

"నేను చెప్త. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె జబ్బార్ సాబ్. సక్కదనాలు చెయ్యద్దు."

"చెప్పు."

"ఈయన పర్మిషన్ లేకుండ గాలిల మాట్లాడిండు. దానికి నా కాలు పోయింది. ఎనిమిదేండ్లు దాచిపెట్టిండు. ఒత్తి అడిగినోడు లేకున్న ఆఖరికి తనే చెప్పిండు. అన్నీ రాసినవా? ఒకటి రాసి ఒకటి ఇడిచిపెట్టకు."

"రాసిన. ఇప్పుడు మనిషి ఎట్లాంటోడో రాయాలె. మంచోడనా?"

సాయన్న చేతిలోని తీగను కండెకు చుట్టి పక్కన పెట్టాడు. "మంచోడు, చెడ్డోడు మనకెందుకు. ఈయన చేతికి పెట్టె ఇస్తె జర పైలంగ వాడతడు. గది నాకు ఎరుక. గదే రాయి."

జబ్బార్ రాసినదంతా పైకి చదివి వినిపించాడు. సాయన్న విని, తల ఊపి, వేలు అద్ది, తొందర లేకుండా ముద్ర వేశాడు. సిద్ధప్పకు కృతజ్ఞత చెప్పాలనిపించింది. ఆ మాటకు తనకింకా అర్హత రాలేదనిపించి ఊరుకున్నాడు.

నాలుగు నెలలకు రిజిస్టరు పోస్టులో లైసెన్సు వచ్చింది. సిద్ధప్ప దాన్ని కళ్లకద్దుకోలేదు, పటం దగ్గర పెట్టలేదు. తిన్నగా తీసుకుపోయి సాయన్న చేతికిచ్చాడు. చదువు రాని సాయన్న రాజముద్రను వేలితో తడిమి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమున్నది ఇందుల?"

"నా పేరుంది. గాలిల నన్ను పిలిచే గుర్తు ఉంది. ఏం చెయ్యాల్నో, ఏం చెయ్యొద్దో ఉంది."

"నేను చెప్పింది ఉన్నదా?"

"లేదు."

"ఉంటే బాగుండు," అని సాయన్న కాగితం తిరిగిచ్చి, కాయిలు చుట్టడం మొదలుపెట్టాడు.